పది అడుగుల గదిలో స్పీకర్లు: ముందు మంచం దిగండి

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనట్టు చెప్తాను, తప్పుంటే దిద్దండి. విశాఖ ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు ఫ్లాటు. గది పది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు, పైన స్లాబు పది అడుగుల ఎత్తు. ఒక గోడకి ఆఫీసు పని చేసుకునే టేబులు, నాలుగున్నర అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. దాని మీద రెండు చివర్లా అయిదంగుళాల వూఫర్ (మంద్రం పలికే పెద్ద కోను) ఉన్న చిన్న స్పీకర్లు. ఎదురు గోడకి మంచం. రాత్రి మంచం మీద గోడకి ఆనుకుని కచేరీలు, పాత పాటలు వింటారు. మృదంగం బుంయ్ మంటోంది, గొంతు మాత్రం డబ్బాలోంచి వస్తున్నట్టుంది. పెద్ద ఆంప్లిఫయర్ కొనాలా, మంద్రం కోసమే ఉండే సబ్ వూఫర్ పెట్టె కొనాలా అని అడిగారు.

రెండూ వద్దు. డబ్బు అలా ఉంచి ముందు మంచం దిగండి.

పాతికేళ్లుగా ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగు చేస్తున్నాను. నా దగ్గరికి "సౌండు బాలేదు" అని వచ్చిన పెట్టెల్లో సగానికి ఏ జబ్బూ ఉండదు. ఇంట్లో వాటిని పెట్టిన చోటే జబ్బు. ఈ మాట చెప్తే చాలామందికి నచ్చదు. కొత్త పెట్టె కొంటే ఇంట్లో పండగలా ఉంటుంది, కుర్చీ జరిపితే ఏముంటుంది?

మీ కొలతలు కాగితం మీద వేసి చూశాను. స్పీకర్ల మధ్య మూడున్నర అడుగులు. వాటి మొహాలు గోడకి అడుగు దూరంలో ఉన్నాయి. మంచం మీద మీ చెవులు వాటికి సుమారు తొమ్మిదిన్నర అడుగుల దూరంలో ఉన్నాయి. అంటే మీ దగ్గర్నించి చూస్తే రెండు స్పీకర్లకీ మధ్య కోణం 21 డిగ్రీలు. స్టీరియో సరిగ్గా పరుచుకోవాలంటే 60 డిగ్రీలు కావాలి. వయొలిన్ ఎడమకీ మృదంగం కుడికీ పెట్టి రికార్డు చేసినా, మీ వరకూ వచ్చేసరికి అందరూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నట్టు వినిపిస్తుంది.

అంతకన్నా పెద్ద నష్టం గోడల వల్ల. స్పీకర్ నుంచి మీ చెవికి తిన్నగా వచ్చే శబ్దం ఒకటి, పక్క గోడకి తగిలి వచ్చేది ఇంకొకటి. మంచం మీద తిన్నగా వచ్చేదాని దారి దాదాపు తొమ్మిదిన్నర అడుగులైతే, గోడకి తగిలొచ్చేది పన్నెండున్నర. తేడా మూడడుగులే. దారి పెరగడం వల్ల తగ్గే బలం రెండు డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) పైచిలుకు, అంతే. ఇటుక గోడ, దాని మీద సిమెంటు పూత, లప్పం, రంగు, కింద టైల్స్. ఇవేవీ శబ్దాన్ని మింగవు. కాబట్టి ఒకే గొంతు మీకు నాలుగైదు వైపుల నుంచి, ఇంచుమించు సమాన బలంతో, సెకనులో వెయ్యో వంతులు రెండు మూడు తేడాతో వచ్చి పడుతోంది. డబ్బాలోంచి వస్తున్నట్టు ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు టేబులు ముందు కుర్చీ వేసుకుని, రెండు స్పీకర్లకీ చెరో మూడున్నర అడుగుల దూరంలో చెవులు ఉండేలా కూర్చోండి. మూడు వైపులూ సమానమైన త్రిభుజం. పక్క గోడకి తగిలి వచ్చే దారి ఇప్పుడు కూడా దాదాపు తొమ్మిది అడుగులుంది, కానీ తిన్నగా వచ్చేది మూడున్నరే. గోడ శబ్దం ఎనిమిది డెసిబెల్స్ తక్కువగా, దాదాపు అయిదు మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. మంచం వైపు గోడ నుంచి తిరిగొచ్చేది పన్నెండు మిల్లీసెకన్లు ఆలస్యం. గది అదే, గోడలు అవే. మీరు దగ్గరికి వచ్చారు కాబట్టి వాటి నోరు తగ్గింది. దగ్గరగా కూర్చుని వినడంలో ఉన్న కిటుకంతా ఇదే.

ఇది కొత్త సంగతేం కాదు. బీబీసీ వాళ్లు 1970ల మొదట్లో ఎల్‌ఎస్3/5ఏ అనే బుల్లి స్పీకర్ తయారు చేసుకున్నది, బయట కార్యక్రమాలు రికార్డు చేసే వ్యానుల్లాంటి ఇరుకు చోట్ల దగ్గరగా కూర్చుని వినడానికి. 1978లో వచ్చిన యమహా ఎన్‌ఎస్10ని, తెల్ల వూఫర్ది, ఇళ్ల కోసం చేశారు. అది స్టూడియోల్లో మిక్సింగ్ బల్ల మీదికెక్కి కూర్చుంది. పాటని మిక్స్ చేసేవాళ్లు మూడు నాలుగు అడుగుల దూరంలో వింటారు. మీరూ అక్కడి నుంచే వింటే తప్పేముంది?

నేను మాత్రం ఈ పాఠం పుస్తకంలో నేర్చుకోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేం పెదవాల్తేరులో ఉండేవాళ్లం. సముద్రం వైపు కిటికీ అద్దాలు పగిలి గదంతా నీళ్లు. పరుపు, సోఫా అన్నీ బయటపడేశాం. నాకప్పుడు మనిషెత్తు స్పీకర్లుండేవి, వాటి అడుగు చెక్క ఉబ్బిపోయింది. అటక మీద పొడిగా మిగిలింది ఒక చిన్న జత. కరెంటొచ్చాక పని చేస్తున్నాయో లేదో చూద్దామని వాటిని రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద గది మధ్యలో పెట్టి, వాటికి మూడడుగుల దూరంలో ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. పెట్టింది ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగు. ఖాళీ గది, గోడలు గంటలా మోగాలి. కానీ వయొలిన్ ఎదురుగా, గాలిలో, పిడికిలంత చోట నిలబడింది. కమాను వెనక్కి తిరిగే చోట చిన్న గరుకు కూడా వినిపించింది. పెద్ద స్పీకర్లలో అది పదేళ్లలో ఒక్కసారీ వినలేదు.

ఆ రికార్డింగు మోనో అన్నది గమనించండి. రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. అందుకే అమరిక చూసుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. ద్వారం వారివే కానక్కర్లేదు, ఘంటసాల పాత పాట ఏదైనా సరే, అసలు మోనోది అయితే చాలు. గొంతు సరిగ్గా మీ ముక్కుకెదురుగా, సన్నగా నిలవాలి. ఒక పక్కకి లాగితే కుర్చీ పక్కకుందని, లేదా ఒక పక్క ఏదో అడ్డుందని. గొంతు ఎక్కడుందో తెలియకుండా తల చుట్టూ పాకుతూ, మంద్రం కూడా మాయమైపోతే, ఒక స్పీకరుకి ఎరుపు నలుపు వైర్లు తారుమారయ్యాయని. ఇది మీరనుకునేదానికన్నా ఎక్కువమంది ఇళ్లలో ఉంది. నవ్వకండి, మా ఇంట్లోనే ఒకసారి నెల్లాళ్లు అలాగే విన్నాను.

వైర్లు చూసేటప్పుడు ఒక విశాఖ సంగతి. మన ఉప్పుగాలికి రాగి తీగ చివర చిలుము పడుతుంది. మీ ఇల్లు బీచికి కిలోమీటరు దూరమున్నా పడుతుంది. బిగింపు మర విప్పి చూడండి. తీగ పచ్చగానో నల్లగానో ఉంటే ఒక అంగుళం కోసేసి, కొత్తగా తొడుగు తీసి, నిగనిగలాడే తీగని మెలిపెట్టి బిగించండి. వేలు పోసి కేబుల్ కొనక్కర్లేదు. ఆరు నెలలకోసారి ఈ పని చేస్తే చాలు.

ఇక కుర్చీ. మీ చెవులు ట్వీటర్ ఎత్తులో, అంటే స్పీకర్లో పై స్వరాలు పలికే చిన్న ముక్క ఎత్తులో ఉండాలి. మామూలు కుర్చీలో కూర్చుంటే చెవి నేల నుంచి 115 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, పడక కుర్చీలో అయితే ఇంకో పాతిక తగ్గుతుంది. టేబులు ఎత్తు 75 అనుకుంటే చెవి దానికి 40 పైన. మీ స్పీకర్లో ట్వీటర్ టేబులుకి 25 పైన ఉంటుంది. అంటే అది మీ గుండెలకి పాడుతోంది. పైగా టేబులు పైచెక్క అద్దంలా పని చేస్తోంది. ట్వీటర్ నుంచి మీటరు దూరంలో చెవికి తిన్నగా వచ్చే దారికీ, చెక్కకి తగిలి వచ్చే దారికీ తేడా 18 సెంటీమీటర్లు. ఈ తేడాకి వెయ్యి హెర్ట్జ్ (సెకనుకి వెయ్యి కంపనాలు) చుట్టుపక్కల శబ్దం తనని తానే కొట్టేసుకుంటుంది. మనిషి గొంతులో స్పష్టత ఉండే ప్రాంతం అదే.

చిన్న అద్దం ఒకటి టేబులు మీద పరిచి, మీరు కూర్చుని, ఇంకొకరిని దాన్ని నెమ్మదిగా స్పీకర్ నుంచి మీ వైపు జరపమనండి. అద్దంలో ట్వీటర్ కనిపించిన చోటే శబ్దం తగులుతున్నట్టు. స్పీకర్ని ఎనిమిది అంగుళాలు పైకెత్తితే ఆ చోటు మీ వైపు జరిగి జరిగి టేబులు అంచు దాటిపోతుంది. అప్పుడు అద్దంలో ట్వీటర్ కనిపించదు. మిగతా లెక్కలన్నీ నమ్మకపోయినా ఈ ఒక్కటి చేసి చూడండి, పాటలో మాటలు విడివిడిగా వినిపిస్తాయి. ల్యాప్‌టాప్ మూత కూడా వినేటప్పుడు దించేయండి. అదీ అద్దమే.

ఎనిమిది అంగుళాల ఎత్తుకి కార్పెంటరు చేత రెండు చెక్క పెట్టెలు కొట్టించుకుంటే మేలు. లోపల ఇసుక పోస్తే అదురు ఉండదు. బీచి ఇసుక మాత్రం తేవద్దు. అందులో ఉప్పుంటుంది, గాలిలో తేమ పీల్చి చెక్కని చెమ్మగిల్లేలా చేస్తుంది. ఇల్లు కడుతున్న చోట అడిగి రెండు డబ్బాల ఏటి ఇసుక తెచ్చుకోండి. పెట్టె పైన కడప బండ ముక్క ఒకటి, దానికీ స్పీకరుకీ మధ్య నాలుగు మూలలా పాత హవాయి చెప్పు కోసిన రబ్బరు ముక్కలు. బజారులో ఇదే పని చేసే మెత్తల ధర వింటే మీకు నవ్వొస్తుంది.

స్పీకర్లని పడుకోబెట్టవద్దు. షెల్ఫులో పట్టడం లేదని కొందరు అడ్డంగా పెడతారు. దూరంగా వింటే ఎలాగోలా గడిచిపోతుంది గానీ, దగ్గరగా వినేటప్పుడు తల కొంచెం పక్కకి జరిపినా వూఫర్‌కీ ట్వీటర్‌కీ మీకూ మధ్య దూరాలు మారిపోయి, రెండూ కలిసే చోట శబ్దం గల్లంతవుతుంది. అలాగే మరీ రెండడుగుల లోపుకి వెళ్తే ఆ రెండూ కలవకముందే మీరు వింటారు. తాళాలు ఒక చోట, మృదంగం ఒక చోట అనిపిస్తుంది. మూడు నుంచి నాలుగడుగులు మంచి దూరం.

స్పీకర్ల మొహాలు కొంచెం లోపలికి తిప్పండి. రెండింటి నుంచీ గీతలు గీస్తే అవి మీ తల వెనక జానెడు దూరంలో కలవాలి. నేను దారంతో కొలుస్తాను. ప్రతి ట్వీటర్ దగ్గరా ఒక దారం అంటించి, రెంటినీ కుర్చీ వెనక్కి లాగి, పొడవులు సమానమయ్యాయో లేదో చూస్తాను. మొదటిసారి ఇలా చేస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏటండీ, గదిలో బట్టలారేస్తారేటి?" అంది. తేడా అరంగుళంలోపు రావాలి. దగ్గరగా వింటే కొంచెం కదిలినా చెడిపోతుందని కొందరు భయపెడతారు. తల నాలుగంగుళాలు పక్కకి జరిగితే రెండు స్పీకర్ల మధ్య వచ్చే సమయం తేడా దగ్గరైనా దూరమైనా ఒకటే, కోణం 60 డిగ్రీలు ఉంచితే. దగ్గరలో బలం తేడా కాస్త ఎక్కువగా తెలుస్తుంది, అంతవరకే నిజం. తలానించుకునే ఎత్తు వీపున్న ఆఫీసు కుర్చీలో అయితే చెవుల వెనకే ఒక గోడ ఉన్నట్టు. వినేటప్పుడు పొట్టి వీపున్న కుర్చీ వేసుకోండి.

ఇప్పుడు మృదంగం సంగతి. ఇది రెండు ముక్కల్లో చెప్పేది కాదు, కాస్త ఓపిక పట్టండి. ప్రతి గదికీ దాని సొంత శ్రుతి ఉంటుంది. శబ్దం మన ఎండల్లో సెకనుకి సుమారు 349 మీటర్లు పోతుంది. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే ఆ గది మోగే మొదటి స్వరం వస్తుంది. మీ పదకొండు అడుగులకి 52 హెర్ట్జ్, పది అడుగులకి 57. స్లాబు ఎత్తు కూడా పదే కాబట్టి 57 రెండుసార్లు లెక్కలోకొస్తుంది. ఇలా రెండు కొలతలు ఒకటయ్యాయంటే ఆ స్వరం రెట్టింపు మొండికేస్తుంది. ఒక కట్ట శ్రుతిలో తంబూరా మంద్ర షడ్జం 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, గది మోగే చోటికి పక్కింట్లో ఉన్నట్టే. ఈ స్వరాలన్నీ గోడల దగ్గర పోగుపడతాయి. మీరు తల ఆనించి కూర్చున్నది సరిగ్గా అక్కడే. ఆ బుంయ్ మనే చప్పుడులో సగం మృదంగానిది కాదు, మీ తల వెనక గోడది.

అలాగని గదికి నట్టనడుమ, అయిదున్నర అడుగుల దగ్గర కూర్చుంటే ఆ పొడవు స్వరం పూర్తిగా మాయమై పలచబడుతుంది. గది పొడవులో 38 శాతం దగ్గర కూర్చోమని ఒక పాత చిట్కా ఉంది. మీ గదికి అది నాలుగడుగుల రెండంగుళాలు. మీ స్పీకర్ల మొహాలు గోడకి అడుగు, అక్కడి నుంచి మీ చెవులకి సూటిగా మూడడుగులు, మొత్తం నాలుగు. అదృష్టం బాగుండి మీ టేబులు ఉన్నచోటే సరిపోయింది. కుర్చీని రెండు మూడంగుళాలు ముందుకీ వెనక్కీ జరుపుతూ తంబూరా శ్రుతి నిలకడగా ఉన్న చోట నేల మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి.

స్పీకర్లని గోడకి ఎంత దూరం పెట్టాలన్నది అందరూ గొడవ పడే విషయం. "మూడడుగులు ముందుకి లాగు" అని ఎవరో ఒకరు చెప్తారు. పెద్ద హాల్లో అది నిజం. మీ గదిలో కాదు. స్పీకర్ వెనక గోడకి తగిలి తిరిగొచ్చే శబ్దం, తిన్నగా వచ్చేదాన్ని ఒక స్వరం దగ్గర కొట్టేస్తుంది. స్పీకర్ మొహానికీ గోడకీ ఉన్న దూరానికి నాలుగు రెట్ల పొడవున్న తరంగం దగ్గర ఆ గుంట పడుతుంది. మీటరు లాగితే గుంట 87 హెర్ట్జ్ దగ్గర, రెండున్నర అడుగులైతే 115 దగ్గర. మృదంగానికీ మగ గొంతుకీ ఒళ్లు ఉండేది అక్కడే. ఆ గుంటని ఏ ఈక్వలైజరూ పూడ్చలేదు, ఏ పరుపూ మింగలేదు. అదే అడుగు దూరంలో ఉంచితే గుంట 290కి జరుగుతుంది. దాన్ని స్పీకర్ల వెనక మందంగా మడతపెట్టి వేలాడదీసిన బొంతతోనో, పుస్తకాలు ఎగుడుదిగుడుగా సర్దిన అలమరతోనో చాలావరకు తగ్గించొచ్చు. పల్చటి దుప్పటి వేసి లాభం లేదు. నాలుగంగుళాల దళసరి కావాలి. కాబట్టి వెనక బెత్తెడు ఖాళీ వదిలి అక్కడే ఉంచండి. గోడ దగ్గరున్నందుకు మంద్రం కాస్త పెరుగుతుంది. మీ స్పీకరుకి వెనక రంధ్రం ఉంటే పాత మేజోడు ఒకటి చుట్టి అందులో వదులుగా కుక్కండి. ఇంకా ఎక్కువనిపిస్తే బాస్ నాబ్ తిప్పండి. నాబ్ ముట్టుకోవడం పాపమని అనుకునేవాళ్లున్నారు, నేను వాళ్లలో లేను.

ఎడమ పక్క ఇనప బీరువా ఉందన్నారు, కుడి పక్క కిటికీకి కర్టెను. ఈ తేడా గొంతుని బీరువా వైపు లాగుతుంది. బీరువాని మంచం పక్కకి తోయగలిగితే మంచిది. లేకపోతే దాని తలుపు మీద బొంత వేలాడదీయండి. ముందుగా పైన పెట్టిన స్టీలు డబ్బాలు దించండి. మృదంగం ఎడమ వైపు దెబ్బ పడినప్పుడల్లా కిర్రుమనేది స్పీకర్ కాదు, అవే అయ్యుంటాయి.

ఆంప్లిఫయర్ గురించి ఒక లెక్క చెప్పి వదిలేస్తాను. మామూలు చిన్న స్పీకరు ఒక్క వాటుకి మీటరు దూరంలో 85 డెసిబెల్స్ ఇస్తుంది. ఆ స్థాయిలో రోజుకి ఎనిమిది గంటలు వింటే చెవులకి ప్రమాదమని ఫ్యాక్టరీల్లో జాగ్రత్త పడతారు. మీరు మూడున్నర అడుగుల్లో కూర్చుంటే సగం వాటుతో కచేరీ నడుస్తుంది. తనియావర్తనంలో, అంటే మృదంగం ఒంటరిగా వాయించే చోట, పెద్ద దెబ్బలకి ఇరవై ముప్పై వాట్లుంటే ధారాళం. మీ దగ్గర యాభై ఉంది. రాత్రి పది దాటాక కింది ఫ్లాటువాళ్లు కర్రతో స్లాబు పొడిచే పని కూడా ఉండదు. ఫ్యాను చప్పుడు కూడా దగ్గరగా వింటే అంతగా అడ్డురాదు. మే నెల ఉక్కపోతలో ఫ్యాను ఆపి సంగీతం వినమని నేను మీకు చెప్పను.

సబ్ వూఫరా? 52, 57 దగ్గర ఇప్పటికే మోగుతున్న గదిలో, ఆ స్వరాలనే ఊదే పెట్టె ఇంకొకటి పెడతానంటున్నారు. ఒక నెల కుర్చీలో విని, అప్పటికీ మంద్రం చాలదనిపిస్తే రాయండి. అప్పుడు ఆ సబ్‌ని ఏ మూల పెట్టకూడదో చెప్తాను. రాసేటప్పుడు దారాల పొడవులు, గోడ నుంచి చాక్‌పీసు గుర్తు దాకా ఎన్ని అంగుళాలో, వైరు చివర చిలుముందో లేదో కూడా రాయండి.